మడత చాకుకు చెక్క పిడి: అందం కంటే ముందు మందం చూసుకోండి

ప్లాస్టిక్ పిడి ఉన్న జేబు చాకుకు సొంతంగా చెక్క పిడి చేసి బిగించుకోవచ్చా, అందుకు ఏ చెక్క మంచిది అని మీరు అడిగారు. నిస్సందేహంగా చేసుకోవచ్చు, నేను ఇంతవరకు నాలుగు చాకులకు చేశాను. అయితే అందులో మొదటి రెండూ చెడిపోయాయి, అవి చెడింది చెక్క రకం వల్ల కాదు.

మీ చాకు పిడిని స్క్రూలతో బిగించారో, రివెట్లతో కొట్టారో ముందుగా గమనించండి. రివెట్లదైతే తొలి ప్రయత్నానికి దానిని ఎంచుకోవద్దు. స్క్రూలదైతే వాటి తలలో సాధారణంగా నక్షత్రపు గుంట ఉంటుంది, టి6 లేదా టి8 బిట్ సరిపోతుంది. స్క్రూ కదలకపోతే బలం పెట్టకండి. మరలకు పూసిన జిగురు పట్టి ఉంటుంది కాబట్టి, వేడి సోల్డరింగ్ ఐరన్ మొనను కాసేపు తలకు ఆనిస్తే మెత్తబడుతుంది. అలుగుకు టేపు చుట్టిన తరువాతే విప్పడం మొదలుపెట్టండి.

నా మొదటి చాకు పాత పలక (పిడికి ఒక్కో పక్కన బిగించే ముక్క) మందం 3 మి.మీ. చేతికి నిండుగా ఉంటుందని నేను 4 మి.మీ. చెక్క వేశాను. స్క్రూ పొడవు మాత్రం మారలేదు కదా! అది లోపలి లోహపు రేకులో ఒకటిన్నర చుట్టు మాత్రమే పట్టింది, వారం తిరక్కుండానే పిడి వదులైంది. తరువాత అర్థమైన సంగతి ఏమిటంటే, పలక ఎంత మందంగా ఉన్నా ఫరవాలేదు, స్క్రూ తల కూర్చునే గుంట అడుగున మిగిలే చెక్క మాత్రం పాత పలకలో ఎంత ఉందో అంతే ఉండాలి.

రెండవ దానికి సరిగా ఆరని చెక్క వాడాను. నెల రోజులకు పలక వంగి, రేకుకూ చెక్కకూ మధ్య గోరు దూరేంత సందు వచ్చింది. చెక్క తేమకు నార వెంట దాదాపు మారదు, నారకు అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అందుచేత నార పిడి పొడవునా సాగేలా కోసి, పలుచటి పలకలను కొన్ని వారాలు ఇంట్లోనే, గాలి తగిలేలా ఉంచి ఆరనివ్వాలి. ఇక మీ ప్రశ్నకు వస్తే, బాగా ఆరిన టేకు, రోజ్‌వుడ్, ఎబోనీ మూడూ పనికివస్తాయి. రెసిన్ (గట్టిపడే జిగురు ద్రవం) ఎక్కించిన చెక్క దొరికితే తేమ బెంగ చాలావరకు తీరుతుంది.

పాత పలకను రెండు వైపులా అంటుకునే టేపుతో కొత్త చెక్కపై అతికించి, దాని రంధ్రాల గుండానే డ్రిల్ చేయండి. కింద ఒక పనికిరాని చెక్క ముక్క పెడితే అడుగున పెచ్చు లేవదు. రెండు పలకలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలన్న విషయం మరిచి నేనొకసారి రెండూ ఎడమవైపువే చేశాను. బొటనవేలితో లాకు నొక్కేచోట పాత పలకకున్న చిన్న కోతను కూడా తప్పక దించుకోండి, లేకపోతే తెరిచిన చాకును మూయడం కష్టమవుతుంది.

అంచులను అలుగు తీసిన రేకులపై పలకలు బిగించి అరగదీస్తేనే సమంగా వస్తాయి. 120తో మొదలుపెట్టి 220, 400 నంబర్ల ఉప్పు కాగితం వాడండి. రోజ్‌వుడ్ పొడి కొందరికి ఒంటికి పడదు, మాస్కు తప్పనిసరి. చివర అవిసె నూనె పలుచగా రెండు మూడు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వండి. నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకండి, అది తనంతట తానే వేడెక్కి మండగలదు. విప్పి పరిచి ఆరబెట్టండి.

తిరిగి బిగించేటప్పుడు ఇరుసు స్క్రూను అలుగు పక్కలకు ఊగనంత, తెరవడానికి బిగుసుకోనంత తిప్పి ఆపండి. స్క్రూ తలల కింద చెక్క కాస్త అణుగుతుంది కాబట్టి, వారం తరువాత పలకల స్క్రూలను మరొకసారి చూసుకోండి.