నాన్నగారికి నిద్రమాత్ర ఎవరిమ్మన్నారమ్మా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఐదు నెలల క్రితం మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినేది), ఏఎల్‌ఎస్ అన్నారు. దానికి రిలుజోల్ అనే మందు వాడుతున్నాం. మెదడుకి కాపలాగా ఉండే పొర కారిపోవడం వల్లే ఈ జబ్బు వస్తుందని చదివాను. నడుములో స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే ఆ పొర బాగవుతుందంటున్నారు, 4 లక్షలట. చేయించమంటారా? ఈమధ్య నీళ్లు తాగితే పొలమారుతోంది, మూడు దిండ్లు లేకపోతే పడుకోలేరు, పొద్దున్నే తలనొప్పి. మెడికల్ షాపులో నిద్రమాత్ర తెచ్చి వేస్తున్నాం, కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ మెషిన్ కూడా పెడుతున్నాం. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: స్టెమ్ సెల్స్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, మీరు చివర్లో మామూలుగా రాసేసిన ముక్కలే నన్ను కంగారు పెట్టాయి. పడుకుంటే ఆయాసం, పొద్దున్నే తలనొప్పి అంటే ఊపిరి తీసే కండరం నీరసించి రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమో అని అనుమానించాలి, ఆయన్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ. అలాంటప్పుడు నిద్రమాత్ర ఉన్న ఊపిరిని ఇంకా తగ్గిస్తుంది. వట్టి ఆక్సిజన్ పెడితే వేలికి పెట్టే మెషిన్‌లో అంకె బాగానే కనిపిస్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. షాపతను ఇచ్చాడు, మేం వేశాం అంటే ఎలా? రోజూ ఓపీలో ఇదే గోల. ఎన్నాళ్లుగా వేస్తున్నారో రాయలేదు, నెలల తరబడి అయితే ఒక్కసారిగా ఆపకుండా ఇవాళే మీ న్యూరాలజిస్టుకి ఫోన్ చేసి మాత్ర, ఆక్సిజన్ రెండిటి గురించీ అడగండి. ఊపిరితిత్తుల ఊదే పరీక్ష, రక్తంలో గ్యాసుల పరీక్ష చేస్తారు, అవసరమైతే రాత్రిళ్లు బైప్యాప్ (మాస్కు ద్వారా గాలిని లోపలికి తోసే మెషిన్) పెడతారు. పొలమారడానికి స్పీచ్ థెరపిస్టుకి చూపించండి, తిండి కోసం పొట్టలోకి గొట్టం వేయాల్సి వస్తే ఊపిరి మరీ తగ్గకముందే వేయించుకోవడం మేలు, అప్పుడే వద్దులే అని వాయిదా వేసి వేసి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇక ఆ పొర. మీరు చదివింది పూర్తిగా తప్పేం కాదు. మెదడు, వెన్నుపాములో రక్తనాళాల గోడ కణాలు బిగుతుగా అతుక్కుని ఉంటాయి, మీరు చెప్పే పొర అదే, మెదడు చుట్టూ ఉండే నీరు రోజుకి అర లీటరు దాకా తయారుచేసే చోట కూడా అలాంటి కాపలా ఉంటుంది. ఏఎల్‌ఎస్‌తో చనిపోయినవాళ్ల వెన్నుపాములో రక్తం తాలూకు ప్రొటీన్లు బయటికి కారినట్టు కొందరిలో కనిపించింది. అది జబ్బుకి కారణమా, జబ్బు వల్ల వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. పొర కారుతోంది కదా మందులు సులువుగా లోపలికి పోతాయి అనుకోకండి, ఆ గోడలోనే మందుని బయటికి తోసే పంపులుంటాయి, రిలుజోల్‌ని కూడా తోస్తాయి. టోఫర్సెన్ అనే ఏఎల్‌ఎస్ మందుని నడుములోంచి ఇచ్చేది పొర దాటలేదు కాబట్టే, 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ ఎస్‌ఓడీ1 జన్యువులో తేడా ఉన్న కొద్దిమందికే. మీవాళ్లకి చెప్పిన స్టెమ్ సెల్స్ వేరు, ఇది వేరు. ఏఎల్‌ఎస్‌కి స్టెమ్ సెల్స్ మామూలు చికిత్సగా ఇవ్వడాన్ని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒప్పుకోదు, నిజంగా ట్రయల్ (పరిశోధన కోసం చేసే ప్రయోగం) అయితే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. 4 లక్షలు అడిగారంటే మీకే అర్థం కావాలి.

మాట మధ్యలో ఊపిరి తెగుతున్నా, పగలంతా మత్తుగా ఉన్నా, తికమకగా మాట్లాడుతున్నా ఫోన్ల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అన్నట్టు, రిలుజోల్ మొదలెట్టాక లివర్ పరీక్ష చేయించారా? ఆ సంగతి రాయలేదు.