అమెరికా ప్లేయర్ మీద నాన్నగారి చిన్న రికార్డులు ఎందుకు ఈడుస్తున్నాయి?

మీ నాన్నగారు బడి రోజుల్లో కొనుక్కున్న తెలుగు సినిమా పాటల 7 అంగుళాల రికార్డులను, అమెరికా నుంచి తెచ్చిన పాత ప్లేయర్ మీద వేస్తే గొంతులు బరువుగా ఈడుస్తున్నాయనీ, పైగా బుసబుస వస్తోందనీ రాశారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

ముందు వేగం సంగతి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ (అంటే సెకనుకు 60 ఊపులు), మనది 50. ఆ కాలపు ఏసీ మోటార్లు చాలావరకు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వోల్టేజీ 110కి తగ్గుతుందే తప్ప హెర్ట్జ్ మారదు. అందుకే నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డు 37.5 చుట్లే తిరుగుతోంది. మోటారు ఇరుసు మీది కప్పీని 50 హెర్ట్జ్‌కు సరిపడేది, అంటే 1.2 రెట్లు లావుగా ఉండేది, వేయిస్తే సరిపోతుంది. దొరక్కపోతే పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ధ్వనిని సవరించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘చేంజ్ స్పీడ్’తో (కొత్త వెర్షన్లలో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’) 20 శాతం పెంచండి. ‘చేంజ్ టెంపో’ జోలికి పోవద్దు. అది పాట నడకను పెంచుతుంది గానీ శ్రుతిని ఉన్నచోటే వదిలేస్తుంది.

బుసకు కొంత కారణం రికార్డులోనే ఉంది. మన ఈపీల్లో, అంటే ఈ 7 అంగుళాల రికార్డుల్లో, ఎక్కువగా ఒక్కో వైపు రెండేసి పాటలు ఉంటాయి. అంత చిన్న ప్లేటులో రెండు పాటలు ఇమడాలంటే ముల్లు నడిచే గాళ్లు దగ్గరగా, ధ్వని తక్కువగా కోయాలి. లోపలి పాట మరీ నలిగినట్టు వినిపించడానికి కారణం, మధ్యకు వెళ్లేకొద్దీ ముల్లు కింద గాడి నడిచే వేగం తగ్గడం. ఒక్కో వైపు ఒకే పాట ఉన్న సింగిల్ ఉంటే వేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

మిగతాది మురికి, అరుగుదల. టార్చి ఏటవాలుగా వేసి చూడండి. గాళ్లు నల్లగా మెరుస్తుంటే ఆ రికార్డు కడిగితే బాగుపడుతుంది. బూడిద రంగుకు తిరిగి ఉంటే అది అరుగుదల, ఎంత కడిగినా పోదు.

కడగడానికి 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలపండి. లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి గుండ్రంగా రుద్ది, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. కొళాయి నీళ్లయితే గాళ్లలో సున్నం మిగిలిపోతుంది. నాన్నగారి రికార్డుల్లో 78 వేగం పాత లక్క రికార్డులు కూడా ఉంటే మాత్రం ఈ మందు ఒక్క చుక్క కూడా తగలనివ్వొద్దు. ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ముల్లు. ఎప్పుడు మార్చారో తెలియని ముల్లుతో ఒక్క రికార్డు కూడా వేయకండి. అరిగిన ముల్లు గాడి గోడల్ని చెక్కేస్తుంది. సూట్‌కేస్ ప్లేయర్లు కూడా ఈ రికార్డులకు తగవు. వాటి సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లును పట్టి ఉంచే భాగం) 5 గ్రాముల దాకా బరువు మోపుతుంది. మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జికి 2 గ్రాములు చాలు. పాత మోనో (ఒకే ఛానెల్) ఈపీలకు నేను 25 మైక్రాన్ల గుండ్రటి ముల్లునే ఎంచుకుంటాను. సన్న ముల్లు గాడి అడుగుకు దిగి దుమ్మును గీరుతుంది, ఇది కాస్త పైన, అంతగా అరగని చోట ఆనుతుంది.

మోనో రికార్డునైనా కంప్యూటర్‌లోకి స్టీరియోలోనే, అంటే ఎడమ, కుడి రెండు ఛానెళ్లుగా, ఎక్కించుకుని, తర్వాత రెండు ఛానెళ్లనూ కలపండి. ముల్లు పైకీ కిందికీ ఎగరడం వల్ల పుట్టే చప్పుడు అక్కడే చాలావరకు రద్దవుతుంది. కలపకముందు ఎడమా కుడీ విడివిడిగా వినండి. పాత ప్లేయర్లలో టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) లోపలి వైపుకు లాగడంతో ఒక గోడే ఎక్కువ అరిగి ఉంటుంది. అలా ఒక ఛానెల్ బాగా బొంగురుగా ఉంటే దాన్ని వదిలేసి, రెండోదాన్నే ఉంచుకోండి.