మ్యాప్ ఎంత ఉండాలి: ఒక యువ రచయితకు లేఖ

విజయవాడ

చిరంజీవి తమ్ముడికి,

మనం ఆన్‌లైన్‌లో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్ మొత్తం చదివాను. బ్యారేజీ మీద అర్ధరాత్రి జరిగే పోరాటం చాలా బాగా వచ్చింది. కథలో నేను వేలు పెట్టాల్సిన పని లేదు. నా బెంగంతా ఆ మ్యాప్ గురించే. ప్రకాశం బ్యారేజీని ఈ ఒడ్డు నుంచి సీతానగరం ఒడ్డు దాకా ఒకే సీన్‌లో, అంటే తెర మీద ఒక్కసారిగా తెరుచుకునే ఒకే మ్యాప్‌లో, పెట్టేశావు.

ఒకసారి లెక్క వేసి చూడు. బ్యారేజీ పొడవు దాదాపు 4,000 అడుగులు. మన ఆటలో గడికి 5 అడుగులు కాబట్టి పొడవుకే 800 గళ్లు. దాన్ని 16,000 పిక్సెళ్లకు కుదించానన్నావు. అప్పుడు గడికి మిగిలేవి 20 పిక్సెళ్లే. నువ్వు అంత శ్రద్ధగా గీయించిన పడవవాడి టోకెన్, అంటే మ్యాప్ మీద అతన్ని చూపే చిన్న బొమ్మ, అందులో ఒక చుక్కలా కనిపిస్తుంది. ఇలాంటి ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్లలో, గడికి రోల్20లో 70, ఫౌండ్రీలో 100 పిక్సెళ్లు మామూలుగా ఉండే కొలత. టోకెన్ ముఖం గుర్తుపట్టాలంటే ఆ మాత్రం కావాలి.

ఫైలు చిన్నదే కదా అని రాశావు. కొత్తగా రాసేవాళ్లందరూ ఇక్కడే పొరబడతారు. వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్‌లో ఎంత కుదించినా అది డౌన్‌లోడ్ వరకే. సీన్ తెరవగానే బ్రౌజర్ ఆ బొమ్మను మళ్లీ పూర్తిగా విప్పుతుంది, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున. నీ బొమ్మ 16,000 బై 4,000. అంటే గ్రాఫిక్స్ మెమరీలో 256 ఎంబీ, ఒక్క నేపథ్యానికే. గుంటూరు హాస్టల్లో ఉండి ఆడే నీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదన్నావుగా, అతనికి ఉన్న ర్యామ్‌లోంచే ఇదంతా పోవాలి. పైగా చాలా పాత మెషిన్లు ఒక వైపు 8,192 పిక్సెళ్లు దాటిన బొమ్మను తీసుకోలేవు, కొన్నిటికి 4,096తోనే ఆఖరు. మ్యాప్ కొలత ఎప్పుడూ అందరిలోకీ బలహీనమైన మెషిన్ని చూసి పెట్టాలి. అతను ఇరుక్కుపోతే ఆట అందరికీ ఆగుతుంది.

మరి ఎంత చాలు? దీనికి జవాబు నీ కథలోనే ఉంది. మామూలు పాత్ర ఒక వంతులో 30 అడుగులు నడుస్తుంది, అంటే 6 గళ్లు. పోరాటం నాలుగు రౌండ్లు, అంటే ఒక్కొక్కరికి నాలుగు వంతులు, సాగిందనుకో, ఒకే దిక్కుకు నడిచినా 24 గళ్లు దాటదు. పడవ వచ్చి గుద్దుకునే చోట నాలుగు గేట్లు పట్టేంత ముక్క తీసుకో. పొడవు 40 గళ్లు, వెడల్పు 20 గళ్లు. గడికి 100 పిక్సెళ్లు వేసినా 4,000 బై 2,000, మెమరీలో 32 ఎంబీ. ఇప్పుడున్న దాంట్లో ఎనిమిదో వంతు! మిగతా బ్యారేజీని మాటల్లో చెప్పు, నీకు ఆ శక్తి ఉంది. తప్పించుకుని పరుగెత్తే ఘట్టం తప్పనిసరైతే గడికి 50 అడుగులు పెట్టి వేరే సీన్ చెయ్యి, బ్యారేజీ మొత్తం 80 గళ్లలో పట్టేస్తుంది.

రెండో భాగంలో ఉండవల్లి గుహలు తెస్తున్నావు కదా. నాలుగు అంతస్తులనూ ఒకే కాన్వాస్ మీద పక్కపక్కన పరచకు. అంతస్తుకో సీన్. అక్కడ బొమ్మ కన్నా గోడలే ఎక్కువ బరువు. డైనమిక్ లైటింగ్, అంటే పాత్ర కంటికి ఆనినంత మేరకే మ్యాప్ కనిపించే ఏర్పాటు, పెట్టినప్పుడు టోకెన్ కదిలిన ప్రతిసారీ చూపు ఎక్కడ ఆగుతుందో గోడగోడకూ లెక్క కట్టాలి. రాతి స్తంభం చుట్టూ వంపు తిరిగినట్టే గీత గీయాలని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. నాలుగు గీతలతో చతురస్రంగా మూసెయ్, ఆడేవాళ్లకు తేడా తెలియదు. మినుకుమినుకుమనే కాగడాలు కూడా ఒకటి రెండు చాలు.

కత్తిరించిన మ్యాప్ శనివారం లోపు పంపు. ముందు ఆ హాస్టల్ ల్యాప్‌టాప్‌లోనే తెరిపించి, టోకెన్ సాఫీగా కదులుతోందో లేదో అతన్నే అడిగి రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య