చర్చి స్మశానం తవ్వితే ఎముకలు తప్ప ఏం దొరుకుతాయి?

చాలా దొరుకుతాయండి. స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరంలో క్లైడ్ నది ఒడ్డున గోవన్ పాత చర్చి ఉంది, 870లో వైకింగులు డంబార్టన్ కోటని నాలుగు నెలలు ముట్టడించి కొల్లగొట్టాక ఆ ప్రాంతపు స్ట్రాత్‌క్లైడ్ రాజ్యానికి గోవనే ముఖ్య కేంద్రం అయింది, అందుకే 9-11 శతాబ్దాల నాటి చెక్కిన సమాధి రాళ్లు అక్కడ అన్ని ఉన్నాయి. వాటిల్లో ఐదు హాగ్‌బ్యాక్‌లు, అంటే పెంకుటింటి కప్పులా వంపు తిరిగిన పెద్ద రాళ్లు, ఇది వైకింగుల స్టైలు (ఓడింది స్థానికులు, ఫ్యాషన్ మాత్రం గెలిచినవాళ్లదే!). 1855లో వేటాడే గుర్రపు రౌతు బొమ్మ ఉన్న రాతి శవపేటిక కూడా స్మశానంలో బయటపడింది.

నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. 31 రాళ్లు చర్చి లోపల పెట్టారు, మిగతావి గోడ పక్కనే వదిలేశారు, 1970ల్లో పక్కనున్న షిప్‌యార్డ్ షెడ్ కూల్చినప్పుడు అవి పోయాయనే అనుకున్నారు. తీరా 2019లో తవ్వకానికొచ్చిన 14 ఏళ్ల స్కూలు కుర్రాడు నేలని పొడుస్తుంటే టక్కుమని శబ్దం వచ్చింది, చూస్తే పోయాయనుకున్న వాటిల్లో ఒక రాయి! ఆ తవ్వకంలోనే ఇంకో రెండు కూడా దొరికాయి.