జాతి అనే మాట గురించి ఒక ఉత్తరం

అమ్మాయ్,

అమెరికాలో మనవాళ్ళ మధ్య కులం, జాతి ముద్రల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉత్తినే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "జాత్యహంకారం", దాని చుట్టపక్కాలు కలిపి పదకొండు చోట్ల తగిలాయి. "మమ్మల్ని దేశద్రోహులంటున్నారు" అన్న ఫిర్యాదు నాలుగు చోట్ల. మూడో పేజీలో మాత్రం ఈ సరుకేమీ లేని పేరా ఒకటుంది. డాలస్‌లో ఎవరింట్లోనో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. ఒక పెద్దాయన నీ ప్లేట్లో పులిహోర వడ్డిస్తూ ఇంటిపేరు అడిగాడు. దాంతో తేలలేదు. ఊరు అడిగాడు. అదీ ఆనలేదు. చివరికి నవ్వుతూ "ఇంతకీ మనవాళ్ళేనా?" అన్నాడు. అక్కడ పెన్సిలు పక్కన పెట్టేశాను.

వ్యాసం ఎలా ఉందో చెప్పమన్నావు. దానికంటే ముందు నా తప్పొకటి చెబుతాను. అది చెప్పకుండా నీకు సలహా ఇవ్వడం బాగోదు.

2001 ఆగస్టు చివరివారం. నేనో తెలుగు దినపత్రిక డెస్కులో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి మహాసభ మొదలవబోతోంది. కులాన్నీ అక్కడ చర్చకు పెట్టాలని మన దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం వేరు, జాతి వేరు, పైగా అది మా ఇంటి వ్యవహారం అని భారత ప్రభుత్వం అంది. వార్తా ఏజెన్సీ కాపీ ఇంగ్లీషులో వచ్చింది. పేజీ వదలాల్సిన టైము దగ్గర పడుతోంది. తర్జుమా చేసి, తట్టిన హెడ్డింగు పెట్టేశాను: డర్బన్‌లో బజారుకెక్కనున్న దేశం పరువు. కొటేషన్ మార్కులు కూడా పెట్టలేదు. ఎవరో అన్న మాటయితే కదా పెట్టడానికి. అది అచ్చంగా నా మాటే.

నాలుగైదు రోజుల తర్వాత ఒకాయన ఆఫీసుకి వచ్చాడు. తెనాలి వైపు బడిపంతులు. చుండూరు పక్క ఊరు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. పదేళ్ళయినా కేసు ఇంకా తేలలేదు. ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నాకే గుర్తొచ్చింది. చేతిలో రెండు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం. జాతి వివక్ష నిర్మూలనకు 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో మొదటి అధికరణం. అందులో ఒక మాట కింద ఎర్ర ఇంకు గీత: డిసెంట్. అంటే పుట్టుక, వంశం.

"ఈ మాట పెట్టించింది మనవాళ్ళేనంట కదండీ. అప్పుడు పోని పరువు ఇప్పుడెలా పోయింది?" అన్నాడు.

టీ తెప్పించాను. తాగలేదు. నేను కాస్త తడుముకుని, "కులం అంటే జాతి కాదు కదండీ" అన్నాను.

"కాదు. అంబేడ్కర్ గారే చెప్పారు కాదని. నేనడిగింది అది కాదు."

అంతే. కాగితం నా బల్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళు దాటింది, నేనడిగింది అది కాదు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నానంటే దాని గురించే.

తర్వాత లైబ్రరీలో కూర్చుని చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఆ ఒడంబడికలో జాతి, రంగు పక్కన పుట్టుక అన్న మాట చేరింది భారతదేశం ప్రతిపాదనతోనే. 1968లో మనం దాన్ని ధ్రువీకరించాం. తర్వాత తర్వాత ఆ మాటలోకి కులం రాదని మనమే వాదించాం. ఒడంబడిక అమలు చూసే కమిటీ 1996లోనే ఆ వాదన ఒప్పుకోలేదు. పుట్టుక అంటే కులం లాంటివీ వస్తాయని 2002లో విడమరిచి చెప్పింది కూడా. ఇక అంబేడ్కర్ సంగతి. పంజాబు బ్రాహ్మణుడికీ పంజాబు చమారుకీ జాతి తేడా ఏమీ లేదు, కులం అనేది ఒకే జాతి మనుషుల్ని విడగొట్టిన గోడ అని 1936లోనే రాశాడు. డర్బన్ రోజుల్లో ప్రభుత్వం తరఫున వాదించినవాళ్ళకి ఈ మాట భలే పనికొచ్చింది. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. వేరే ప్రశ్నకి జవాబు. పుట్టుకను బట్టి మనిషిని ఊరి బయట ఉంచితే ఎక్కడ చెప్పుకోవాలి అని దళిత సంఘాలు అడిగితే, వాళ్ళు అది జాతి అవునా కాదా అన్న దగ్గర తిష్ఠ వేశారు. మాట మీద తగువు పెట్టుకుంటే మనిషి సంగతి వాయిదా పడుతుంది.

మహాసభ సెప్టెంబరు 8న ముగిసింది. ఇజ్రాయెల్ మీద విమర్శల గొడవలో అమెరికా, ఇజ్రాయెల్ మధ్యలోనే లేచిపోయాయి. తుది ప్రకటనలో కులం అన్న మాటే లేదు. మూడు రోజులకి న్యూయార్క్‌లో టవర్లు కూలాయి, డర్బన్‌ని అందరూ మర్చిపోయారు. మా పేపరు కూడా.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగానే సిగ్గేసింది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు చెరుకు తోటలకి కూలికి వెళ్ళినవాళ్ళలో మన ఉత్తరాంధ్ర జనమూ ఉన్నారు. డర్బన్‌లో ఈనాటికీ తెలుగు ఇంటిపేర్లున్నాయి. అక్కడి భారతీయుల మీద వివక్ష చూపిస్తున్నారని 1946లో ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసింది మన దేశమే. అప్పుడు దక్షిణాఫ్రికా ఏమన్నదో తెలుసా? ఇది మా ఇంటి వ్యవహారం, మీరు చర్చించడానికి వీల్లేదంది. యాభై అయిదేళ్ళ తర్వాత అదే గడ్డ మీద అదే మాట మనం అన్నాం.

అందుకని ముద్ర వేసేవాణ్ణి ఒక్కణ్ణే అనుమానించకు. ఆ ముద్ర మాకు అంటదు అని చేతులు దులుపుకునేవాడిని కూడా అంతే నిదానంగా చూడు. నీ వ్యాసంలో మొదటిది చేశావు, రెండోది ఎక్కడా లేదు.

ఇక మన భాష దగ్గరికి రా. "జాతి" అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో కాపురం చేస్తోందో ఎప్పుడైనా చూశావా? జాతీయ జెండాలో అది దేశం. తెలుగు జాతి అంటే భాష మాట్లాడే జనం. జాతి వివక్షలో చర్మం రంగు. ఒంగోలు జాతి గిత్తలో రక్తం. హిందీలోకి వెళితే జాతి అంటే కులమే, అక్కడి జాతివాద్ మన కులతత్వం. వాళ్ళ రాష్ట్రవాదం మన జాతీయవాదం, మన రాష్ట్రం వాళ్ళకి రాజ్యం. హిందీ కాపీ తర్జుమా చేసేటప్పుడు ఈ జాతివాద్‌ని అలాగే జాతివాదం అని దించేసిన కుర్రాళ్ళని నేను చూశాను. బీహార్ ఎన్నికల వార్త కాస్తా హిట్లర్ నాటి జర్మనీ వార్తలా తయారయింది! నువ్వు అమెరికాలో ఉండి ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాస్తున్నావు కనక నీకు ఈ గొయ్యి ఇంకా దగ్గర. నీ రెండో పేజీలో జాతీయవాదం, జాత్యహంకారం, జాతివాదం మూడూ ఒకే అర్థంలో దొర్లాయి. చదివేవాడికి దేశాన్ని ప్రేమించడమే తప్పంటున్నావేమో అనిపిస్తుంది. నీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, వాడికి తెలియదు.

దేశద్రోహం కథ ఇంకా తమాషా. పాత శిక్షాస్మృతిలో 124ఎ సెక్షను, 1870లో తెల్లవాళ్ళు చేర్చింది. దానికి తెలుగులో మొదట అన్న మాట రాజద్రోహం. సరైన మాటే, చట్టం చెప్పింది ప్రభుత్వం మీద వ్యతిరేకత రెచ్చగొట్టడం గురించి కనక. రానురాను మేం పేపర్లవాళ్ళమే రాజుని తీసేసి దేశాన్ని పెట్టేశాం. హెడ్డింగులో రెండూ ఒకే జాగా తీసుకుంటాయి, కానీ నిందితుడు వీధిలోకొచ్చేసరికి తేడా తెలుస్తుంది. ప్రభుత్వాన్ని తిట్టినవాడు ఊరందరికీ శత్రువైపోయాడు. సుప్రీంకోర్టు 2022 మేలో ఆ సెక్షను అమలు ఆపింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ పేరు లేదు, 152వ సెక్షను వేరే మాటల్లో ఉంది. హెడ్డింగుల్లో మాత్రం పాత మాట అలాగే నడుస్తోంది.

మరి యాంటీ నేషనల్ అంటే ఏమిటి, నిర్వచనం ఉందా అని 2021 డిసెంబరులో లోక్‌సభలో హైదరాబాద్ ఎంపీ అడిగారు. ఏ చట్టంలోనూ నిర్వచించలేదని హోం శాఖ జవాబు. ఒకప్పుడు ఉండేదట. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది. 1977లో 43వ సవరణతో పోయింది. అంటే టీవీలో రోజూ రాత్రి తొమ్మిదింటికి వినబడే మాటకి చట్టంలో చోటున్నది ఆ కొద్దికాలమే. ఐక్యరాజ్యసమితి కూడా ఇలాంటి పని చేసింది. జియోనిజం, అంటే యూదులకి సొంత దేశం కావాలన్న ఉద్యమం, జాత్యహంకారమేనని 1975 నవంబరులో 72 ఓట్లతో తీర్మానం, 35 వ్యతిరేకం. 1991 డిసెంబరులో 111 ఓట్లతో దాని రద్దు. రెండుసార్లూ మన దేశం గెలిచిన పక్షానే ఓటేసింది. ఈ మధ్యలో పాలస్తీనా రైతు బతుకులో ఏం మారిందో నాకు కనబడలేదు. సోవియట్ యూనియన్ కూలిపోవడం మాత్రం కనబడింది.

దూరం ఎందుకు, మన ఇంట్లోనే చూడు. ప్రత్యేక తెలంగాణ అన్నవాళ్ళని ఒకవైపు పేపర్లు వేర్పాటువాదులు అన్నాయి. వద్దన్నవాళ్ళకి ఇంకోవైపు తెలంగాణ ద్రోహి అన్న ముద్ర సిద్ధంగా ఉండేది. ముప్ఫై ఏళ్ళుగా కూకట్‌పల్లిలో ఇడ్లీ బండి నడుపుకునేవాడు హఠాత్తుగా సెట్లర్ అయిపోయాడు. నేను ఆ రోజుల్లో రెండువైపులా తిట్లు తిన్నాను, అది వేరే కథ.

అయితే ఆ మాటలు అసలు వాడకూడదా అంటావు. అలా అనుకునేవు సుమా. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లో ఒక బార్‌లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజినీరుని "నా దేశం వదిలి పొండి" అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అమెరికా కోర్టే దాన్ని ద్వేష నేరంగా చూసి యావజ్జీవం వేసింది. అక్కడ జాత్యహంకారం అనకుండా "దురదృష్టకర ఘటన" అని రాస్తే అది పిరికితనం. వాడి నోటి మాట ఉంది, చేతిలో తుపాకీ ఉంది, తీర్పు ఉంది. ఆ మూడూ చెప్పాక నువ్వు ఆ మాట అన్నా సరే, అనకపోయినా సరే, చదివేవాడే అంటాడు.

సియాటిల్ గురించి రాసిన భాగం దగ్గర మాత్రం నీతో గట్టిగా పోట్లాడతాను. 2023 ఫిబ్రవరిలో నగర కౌన్సిల్ ఆరుకి ఒకటి ఓట్లతో కుల వివక్షను నిషేధించింది. సమర్థించినవాళ్ళు ఎదుటివాళ్ళని కులోన్మాదులన్నారు. ఎదుటివాళ్ళు, దక్షిణాసియావాళ్ళనే వేరు చేసి వేలెత్తి చూపడం జాతి వివక్ష కాదా అన్నారు. ఒకే ఆయుధం, రెండు చేతులు. నువ్వు రెండో మాటని ఒక వాక్యంలో ఎగతాళి చేసి వదిలేశావు. అది ఎగతాళి చేసే మాట కాదు, జవాబు చెప్పాల్సిన మాట. చట్టం ఒక్క దేశంవాళ్ళని పేరుపెట్టి అందా? పెట్టకపోతే ఆ భయం ఎక్కణ్ణించి వచ్చింది? వెతికి రాయి. వెతికితే కాలిఫోర్నియా కూడా దొరుకుతుంది. అదే ఏడు అక్టోబరులో అక్కడి గవర్నరు కుల వివక్ష బిల్లుని వెనక్కి పంపాడు. వద్దన్నవాళ్ళు మిఠాయిలు పంచుకున్నంత పని చేశారు. ఆయన రాసిన కారణం చదివావా? జాతి, మతం, వంశం లాంటి వర్గాల కింద కుల వివక్ష ఇప్పటికే నిషిద్ధం, కనక కొత్త చట్టం అనవసరం అని. వంశం! తెనాలి పంతులు ఎర్ర ఇంకుతో గీసిన మాటకి అక్క చెల్లెలు. ఆయన ఉన్నారో లేరో. ఉంటే నవ్వుకునేవారు.

వ్యాసం వెనక్కి పంపుతున్నాను. పదకొండింటిలో తొమ్మిది కొట్టేశాను, రెండు ఉంచాను, ఏవో నువ్వే చూసుకో. పాట్‌లక్ పేరాని మొదటికి జరుపు. ఆ పెద్దాయన మంచివాడో చెడ్డవాడో నువ్వు తీర్పు చెప్పలేదు, అది అలాగే ఉండనీ. ఒక్కటి తగ్గింది. "మనవాళ్ళేనా?" అన్నాక నువ్వేం చెప్పావో రాయలేదు. చెప్పకుండా ప్లేటు పట్టుకుని పక్కకి వెళ్ళిపోయావా, లేక ఏదో ఒకటి అన్నావా? గుర్తు చేసుకుని ఆ నాలుగు వాక్యాలు రాసి పంపు. వచ్చే ఆదివారం లోపు పంపితే నేను ఊళ్ళోనే ఉంటాను.

ఉంటాను,
మీ మాస్టారు