అల్లుడూ, ఆ రాయికి అయస్కాంతం అంటించకు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఒమన్‌లో మీ రోడ్డు పని దగ్గర దొరికిందని నువ్వు పంపిన ఫోటో చూశాను. తెల్లటి సున్నపురాయి మైదానంలో నల్లగా, అక్కడక్కడ గోధుమరంగు తిరిగి, ఓ మూల విరిగిన రాయి. 80 గ్రాములన్నావు. "ఉల్కేనా మామా? ఏ రకం?" అని అడిగావు. మొదటిదానికి అయ్యుండొచ్చు అంటాను. రెండోదానికి ఫోటో చూసి జవాబు చెప్పేవాళ్లెవరినీ నమ్మకు, నన్ను కూడా.

యూట్యూబ్‌లో చూపించినట్టు బలమైన అయస్కాంతం మాత్రం దాని దగ్గరికి తేవొద్దు. కోట్ల ఏళ్లుగా రాయిలో నిలిచివున్న అయస్కాంత గుర్తు ఆ ఒక్క తాకుడుతో చెరిగిపోతుంది. మళ్లీ ఏ ల్యాబూ దాన్ని రాబట్టలేదు. మరీ ఆత్రంగా ఉంటే మామూలు దిక్సూచి దగ్గర పెట్టి ముల్లు కదులుతుందేమో చూడు. కదిలినంత మాత్రాన ఉల్క కాదు, మన దగ్గర బ్లాక్ గ్రానైట్ పేరుతో కోసే డోలరైట్‌కూ కదలొచ్చు. కదలకపోతే పారేయాల్సిన పనీ లేదు. చంద్రుడి నుంచి వచ్చిన రాళ్లలో ఇనుప లోహం చాలా తక్కువ. 2002లో అదే ఒమన్‌లో దొరికిన 206 గ్రాముల సయ్ అల్ ఉహైమిర్ 169 అనే ఉల్క అలా చంద్రుడి నుంచి వచ్చిందే.

విరిగిన మూలను మాత్రం తీరిగ్గా చూడు. పదింతలు పెంచి చూపే భూతద్దం కంటికి ఆనించి, పక్క నుంచి ఎండ పడేలా రాయిని మెల్లగా తిప్పు. గసగసాలంత గుండ్రటి గింజలు కనిపిస్తే అవి కాండ్రూల్స్. ఆ గింజలున్న రాయే కాండ్రైట్. భూమ్మీద పడే ఉల్కల్లో ఎక్కువ భాగం అవే. మధ్యమధ్య లోహపు రవ్వలు తళుక్కుమంటాయి. ఎడారిలో వేల ఏళ్లు పడివుంటే అవీ తుప్పుపట్టి గోధుమరంగు మరకలవుతాయి. బుడగలు పేలినట్టు బొక్కలుంటే ఆశ వదులుకో. నల్గొండలో నా దగ్గరికి ఉల్క అని తెచ్చినవాటిలో ఎక్కువ అలాంటి ఇనుప చిట్టెమే. ఇక పిడుగురాయి అని గుడ్డలో చుట్టి తెచ్చేది చాలాసార్లు రాతియుగం వాళ్లు నునుపుగా నూరుకున్న గొడ్డలి. నన్నడిగితే అది ఉల్కకేం తీసిపోదు!

రకం తేల్చడం ల్యాబ్ పని. రాయిలో చిన్న ముక్క కోసి, 0.03 మిల్లీమీటర్ల మందం దాకా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడతారు. ఆ తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే పరికరంతో ఆలివిన్ ఖనిజంలో ఇనుము పాలు కొలుస్తారు. మామూలు కాండ్రైట్లను హెచ్, ఎల్, ఎల్‌ఎల్ అని మూడు రకాలు చేస్తారు. ఆ పాలు సుమారు 16 నుంచి 20 శాతం ఉంటే హెచ్, 22 నుంచి 26 ఉంటే ఎల్, అంతకు మించితే ఎల్‌ఎల్. ఆ అక్షరం పక్కన ఉండే 3 నుంచి 6 అంకె, పుట్టిన చోట రాయి ఎంత వేడికి గురైందో చెబుతుంది. ఎంత తుప్పుపట్టిందో చెప్పడానికి డబ్ల్యూ, అంతరిక్షంలో ఢీకొని ఎంత దెబ్బ తిన్నదో చెప్పడానికి ఎస్ అని వేరే అంకెలున్నాయి. వర్గీకరణకు పంపితే 20 గ్రాములో, మొత్తం బరువులో అయిదో వంతో, ఏది తక్కువైతే అంత ఒక సంస్థలో శాశ్వతంగా ఉంచాలి. నీ రాయికైతే 16 గ్రాములు.

ఇన్ని చేసినా దొరికిన చోటు తెలియకపోతే సగం కథ పోయినట్టే. మొరాకో బజార్లలో చేతులు మారిన రాళ్లకు ఊరూ పేరూ లేక 'నార్త్‌వెస్ట్ ఆఫ్రికా' అని ఓ నంబరు తగిలిస్తారు. ఒమన్‌లో అయితే దోఫార్, జిద్దత్ అల్ హరాసిస్ అని ఆ ప్రాంతం పేరే వస్తుంది. కాబట్టి శుక్రవారం సెలవుకు మళ్లీ అక్కడికి వెళ్లి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత అయిదంకెల దాకా రాసుకో. చుట్టుపక్కల అలాంటివే కనిపిస్తే ముట్టకుండా ఫోటో తీసి, ఆ చోటు కూడా రాసుకో. ఒకే రాయి గాల్లో పగిలి ముక్కలై పడివుండొచ్చు.

సూట్‌కేసులో పెట్టి తెద్దామన్న ఆలోచనుంటే మానుకో. అనుమతి లేకుండా ఉల్కను ఒమన్ దాటించకూడదు. పట్టుబడితే ఉద్యోగం, వీసా రెండూ ఇరుక్కుంటాయి. మీ సూపర్‌వైజర్‌తో చెప్పి వారసత్వ, పర్యాటక మంత్రిత్వ శాఖకు కబురు పంపు. 2001 నుంచి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు అక్కడివాళ్లతో కలిసి ఉల్కలు వెతుకుతున్నారు, అందుకని ఆ శాఖవాళ్లకిది కొత్త సంగతేం కాదు. మీ అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఆకాశం నుంచి పడిందంటే చాలు, పూజగదిలో దానికి చోటు సిద్ధం చేసేస్తుంది.

అప్పటిదాకా కడగకు, గరుకు కాగితంతో రుద్దకు. శుభ్రమైన జిప్ కవర్లో పెట్టి, తేదీ, చోటు రాసిన చీటీ వెయ్యి. విరిగిన మూలను పక్కన రూలర్ పెట్టి మళ్లీ ఫోటో తీసి మెయిల్లో పంపు. వాట్సాప్‌లో పంపితే గింజలు అలుక్కుపోతున్నాయి.

మీ మామయ్య,
నల్గొండ