పిల్లికి షుగర్: నాన్నగారి ఇన్సులిన్ వాడవచ్చా?

ప్రశ్న: మా పిల్లి చింటూకు తొమ్మిదేళ్లు. మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఏడు కిలోలు ఉండేది, మూడు నెలల్లో ఐదున్నర కిలోలకు తగ్గింది. ఆకలి మాత్రం ఎక్కువే. నీళ్లు విపరీతంగా తాగుతోంది. మూత్రం పోసిన చోట చీమలు చేరుతున్నాయి. పశువైద్యులు పరీక్షలు చేసి షుగర్ 420 ఉందని చెప్పారు. గ్లార్జిన్ ఇన్సులిన్ రోజుకు రెండుసార్లు, ఒక్కో యూనిట్ ఇవ్వమన్నారు. మా నాన్నగారికీ షుగర్ ఉంది. ఫ్రిజ్‌లో ఆయన ఇన్సులిన్, సిరంజీలు ఉన్నాయి. అవే వాడవచ్చా? మాత్రలతో సరిపోదా? ఇప్పటిదాకా పాలన్నం, ప్యాకెట్‌లో వచ్చే పొడి ఆహారం పెడుతున్నాం. ఏం మార్చాలి? జీవితాంతం ఇంజెక్షన్లేనా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ సంగతి చెబుతాను. ప్రమాదం ఎక్కువగా అక్కడే ఉంది. నాన్నగారి ఇన్సులిన్ చింటూకు వాడకండి. మనుషులకు రాసేవాటిలో త్వరగా పనిచేసే రకాన్ని, నిదానంగా పనిచేసే రకాన్ని కలిపిన మిశ్రమాలు చాలా ఉంటాయి. పిల్లి ఒంట్లో అవి చక్కెరను ఒక్కసారిగా పడగొట్టి, తర్వాతి మోతాదు వేళ కాకముందే పనిచేయడం ఆపేస్తాయి. గ్లార్జిన్ కూడా మనుషుల మందే అయినా ఎక్కువసేపు నిలకడగా పనిచేస్తుంది కాబట్టి మీ డాక్టర్ దాన్ని ఎంచుకున్నారు. నాన్నగారు వాడేదీ గ్లార్జినే అయినా చింటూకు వేరే సీసా కొనండి.

సిరంజీ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మన దేశంలో సీసా ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరొకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజీ, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజీ వాడాలి. సీసాల్లో దొరికే గ్లార్జిన్ సాధారణంగా 100 యూనిట్ల రకం. దాన్ని పొరపాటున ఎర్ర మూత సిరంజీలోకి ఒక యూనిట్ గీత వరకు తీసుకుంటే, పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. ఐదున్నర కిలోల ప్రాణికి అది చాలా ఎక్కువ. ఇంట్లో ఇద్దరు షుగర్ రోగులు ఉన్నారు కనుక, దయచేసి ఇద్దరి సిరంజీలనూ ఒకే అరలో పెట్టకండి. అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజీలు దొరికితే మరీ మంచిది. సీసాను ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు దూరంగా ఉంచండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ పనికిరాదు.

మాత్రల గురించి అడిగారు. మనుషుల మెట్‌ఫార్మిన్ పిల్లుల్లో పెద్దగా పనిచేయదు. పిల్లుల కోసం బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రకు అమెరికాలో 2022 డిసెంబరులో అనుమతి వచ్చింది. అయితే అది అంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకు మాత్రమే. ఇంతగా చిక్కిపోయిన చింటూకు ఇన్సులిన్ ఆలస్యం చేయకూడదు.

ఇక తిండి. ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ఉంటే ఆ పథ్యమే పిల్లికీ పెడదామనిపిస్తుంది. రాగి జావ, జొన్న రొట్టె ముక్కలు పెట్టేవారిని చూస్తుంటాను. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. బియ్యమైనా, రాగులైనా దానికి పిండి పదార్థమే. పాలన్నం పూర్తిగా మానేయండి. పొడి ఆహారంలోనూ పిండి పదార్థాలు ఎక్కువ. మాంసకృత్తులు ఎక్కువగా, పిండి పదార్థాలు బాగా తక్కువగా ఉండే తడి ఆహారం డబ్బాల్లో, చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది. గ్రేవీ రకాల్లో పిండి కలిపి ఉండవచ్చు, ముద్దలా ఉండేదే తీసుకోండి. ఉడికించిన కోడిమాంసం కొంచెం పెట్టవచ్చు కానీ అదొక్కటే పెడితే కాల్షియం, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం లోపిస్తాయి. కూరలోంచి తీసిన ముక్క మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఈ మార్పు ఒక్కరోజులో చేయకండి. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి, మొదలుపెట్టే ముందు డాక్టర్‌కు చెప్పండి. పిండి పదార్థాలు తగ్గితే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది. పాత మోతాదే కొనసాగిస్తే చక్కెర పడిపోతుంది. షుగర్ తగ్గాలని దాని కడుపు మాడ్చవద్దు. రెండు మూడు రోజులు తినని పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది.

ఇంజెక్షన్‌కు భయపడకండి, సూది చాలా సన్నం. పన్నెండు గంటల తేడాతో, తిండి పెట్టాకే ఇవ్వండి. చింటూ గిన్నెలో తల పెట్టి తింటుండగా పక్కడొక్క దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ మడత మొదట్లో గుచ్చండి. చాలా పిల్లులు తల కూడా ఎత్తవు. బొచ్చు తడిస్తే మందు బయటే పడిందని అర్థం. అలాంటప్పుడు గానీ, ఇచ్చామో లేదో గుర్తురానప్పుడు గానీ రెండోసారి ఇవ్వకండి. ఒక పూట మోతాదు తగ్గినా ఫరవాలేదు, రెట్టింపైతే ముప్పు. సగం కూడా తినకపోయినా, వాంతి చేసుకున్నా మోతాదు ఇచ్చే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.

చక్కెర పడిపోతే పిల్లి తూలుతుంది, వణుకుతుంది, మూల నక్కి కూర్చుంటుంది. ఫిట్స్ కూడా రావచ్చు. వెంటనే తేనెను గానీ, నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజును గానీ చిగుళ్లకు రాయండి. నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. కాస్త తేరుకున్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి. తిండి మానేసి, వాంతులతో నీరసించిపోతే అదీ అత్యవసరమే. ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పెరిగి ఉండవచ్చు.

ఆస్పత్రిలో బెదిరిన పిల్లికి షుగర్ లేకపోయినా 300 దాటవచ్చు. అందుకే డాక్టర్లు ఒక్క సంఖ్యను నమ్మరు. గత ఒకటి రెండు వారాల సగటును చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేస్తారు. మీ రిపోర్టులో అది ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. చెవి అంచున చిన్న చుక్క తీసి ఇంట్లోనే చూడడం నేర్చుకుంటే నిజమైన లెక్క తెలుస్తుంది. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా తక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి, ఏ మీటర్ వాడారో డాక్టర్‌కు చెప్పండి. నీళ్లు ఎంత తాగింది, ఎంత తిన్నది, వారానికోసారి బరువెంత, ఇవి రాసిపెట్టుకోండి. నడిచేటప్పుడు వెనకకాళ్ల మడమలు నేలకు ఆనుతున్నాయేమో చూడండి. ఆనుతుంటే నరాలు దెబ్బతిన్నట్టే. చక్కెర అదుపులోకి వస్తే ఇది నెలల మీద చాలావరకు బాగుపడుతుంది. పళ్ల ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే వాటికీ చికిత్స జరగాలి. అవి ఉన్నంతకాలం ఇన్సులిన్ సరిగా పనిచేయదు.

జీవితాంతం ఇంజెక్షన్లేనా అంటే, కానక్కర్లేదు. జబ్బు బయటపడగానే ఇన్సులిన్ మొదలుపెట్టి, తిండి మార్చిన పిల్లుల్లో కొన్నింటికి కొన్ని నెలల్లోనే ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. చింటూకు ఆ అవకాశం ఉంది. అంకెలు బాగున్నాయని మీరే ఆపవద్దు, డాక్టరే దశలవారీగా తగ్గిస్తారు. ఆపేశాక కూడా తడి ఆహారమే కొనసాగాలి. ఎప్పుడైనా దురదకో, ఎలర్జీకో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే షుగర్ తిరగబెట్టవచ్చు. అందుకని ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లినా చింటూకు షుగర్ వచ్చిందన్న సంగతి ముందే చెప్పండి.